రేపో, ముప్పై ఏళ్లకో

2024 ఆగస్టు 8 సాయంత్రం జపాన్‌లోని క్యుషు దీవి తీరానికి ఆనుకుని, హ్యుగా సముద్రం అడుగున 7.1 మాగ్నిట్యూడ్‌తో భూమి కంపించింది. ఎవరూ చనిపోలేదు. అది మరో దేశంలో అయితే నెల రోజుల వార్త; అక్కడ మామూలుగా అయితే రెండు రోజుల వార్త. కానీ ఆ సాయంత్రమే జపాన్ వాతావరణ సంస్థ అంతకుముందెన్నడూ చేయని ప్రకటన ఒకటి చేసింది. నాన్‌కై ట్రఫ్ అనే సముద్రగర్భపు అగాధం వెంట మహాభూకంపం వచ్చే అవకాశం మామూలు రోజులకంటే పెరిగిందని, వారం పాటు జాగ్రత్తగా ఉండాలని, పనులు మాత్రం మానుకోనక్కర్లేదని దాని సారాంశం. వస్తుందని చెప్పలేదు, రాదనీ చెప్పలేదు. ప్రధాని కిషిదా మధ్య ఆసియా పర్యటన మానుకున్నారు. కొన్ని బీచ్‌లు మూశారు, తీరం వెంట నడిచే రైళ్ల వేగం తగ్గించారు, దుకాణాల్లో మంచినీళ్ల సీసాలు ఖాళీ అయ్యాయి. ఆగస్టు 15న ఆ హెచ్చరిక ఎత్తేశారు. మహాభూకంపం రాలేదు.

ఆ వారం పడ్డ కంగారంతా వృథా అన్నవాళ్లున్నారు. అలా అనిపించడం సహజమే. కానీ తరచూ ఊగే నేల మీద మనిషి ఎలా బతకాలన్న ప్రశ్న మొత్తం ఆ ఏడు రోజుల్లో ఉంది: శాస్త్రం ఎంతవరకు చెప్పగలదు, చెప్పలేనిదాన్ని ప్రభుత్వం ఏ మాటల్లో చెప్పాలి, విన్నవాళ్లు ఏం చేయాలి? జపాన్ ఈ ప్రశ్నతో వందేళ్లుగా తలపడుతోంది. ఆ వందేళ్ల అనుభవాన్ని ఒక్కచోట పెట్టి చూస్తే నాకు తేలిందొక్కటే. తేదీ కనుక్కోవడం మీద పెట్టిన శ్రమ దాదాపుగా ఫలితం ఇవ్వలేదు. గోడ మీద, పిల్లర్ మీద, బడి మీద, కొండెక్కే దారి మీద పెట్టిన శ్రమ మాత్రం మనుషుల్ని బతికించింది. ఆ శ్రమ చేరని ఇళ్లలోనే ఇప్పటికీ చావులు జరుగుతున్నాయి.

జపాన్ దగ్గర నాలుగు భూఫలకాలు కలుసుకుంటాయి. తూర్పు నుంచి పసిఫిక్ ఫలకం, దక్షిణం నుంచి ఫిలిప్పీన్ సముద్ర ఫలకం ఆ దీవుల కిందికి దూరుతూ ఉంటాయి. ప్రపంచ భూభాగంలో అర శాతమైనా లేని ఆ దేశంలో, దాని చుట్టుపక్కల సముద్రంలో, 6 మాగ్నిట్యూడ్ దాటిన భూకంపాల్లో దాదాపు అయిదో వంతు వస్తాయి. రోజూ చిన్నచిన్నవి వస్తుంటే లోపలి ఒత్తిడి కొంచెం కొంచెంగా తీరిపోతుంది కదా, ఇక పెద్దది రాదు కదా అని చాలామందికి ఒక ఓదార్పు. అది నిజం కాదు. మాగ్నిట్యూడ్‌లో ఒక అంకె పెరిగితే వెలువడే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది, రెండంకెలకు వెయ్యి రెట్లు. 8 స్థాయి భూకంపంలో వెలువడే శక్తి 6 స్థాయివాటితో తీరాలంటే అవి వెయ్యి రావాలి. 5 స్థాయివాటితో తీరాలంటే ముప్పై వేలకు పైగా రావాలి. అన్ని రావు. చిన్నవి ఎన్ని వచ్చినా పెద్దది రావలసిన చోట రాక తప్పదు.

ఆ రావలసిన చోట్లలో అందరూ భయపడేది నాన్‌కై ట్రఫ్‌కే. టోక్యోకు నైరుతిగా ఉన్న సురుగా అఖాతం నుంచి క్యుషు దాకా సముద్రం అడుగున సాగే గండి అది. అక్కడ ఫిలిప్పీన్ సముద్ర ఫలకం ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున లోపలికి దిగుతూ, పైనున్న నేలను తనతో పాటు లాగుతూ ఉంటుంది. అలా లాగబడ్డ నేల నూరు, నూటయాభై ఏళ్లకొకసారి తెగి వెనక్కి తన్నుతుంది. 1707లో ఒక్క దెబ్బకే మొత్తం కదిలింది. 1854లో తూర్పు భాగం కదిలిన 32 గంటలకు పడమటి భాగం కదిలింది. ఆ తర్వాత 1944లో ఒకటి, 1946లో ఒకటి. అంటే ఆఖరిది వచ్చి ఎనభై ఏళ్లు నిండుతున్నాయి. ఈసారి అన్నీ చెడుగా కలిసొస్తే 2 లక్షల 98 వేల మంది దాకా చనిపోవచ్చని 2025 మార్చిలో జపాన్ ప్రభుత్వం అంచనా వేసింది. అందులో ఎక్కువ భాగం సునామీ వల్లే.

వచ్చే ముప్పై ఏళ్లలో అది వచ్చే అవకాశం ఎంత? కొన్నేళ్లపాటు 70 నుంచి 80 శాతం అన్నారు. 2025 జనవరిలో సుమారు 80 శాతం అన్నారు. ఆ ఏడాది సెప్టెంబరులో లెక్క మార్చి, ఒక పద్ధతిలో 60 నుంచి 90 శాతం పైన, ఇంకో పద్ధతిలో 20 నుంచి 50 శాతం అని రెండు అంచనాలూ పక్కపక్కన పెట్టారు. ఒకే భూకంపానికి ఇంత తేడా ఏమిటి? మొదటి అంకెకు మూలం కోచి రాష్ట్రంలోని మురోత్సు అనే చిన్న రేవు. భూకంపం వచ్చినప్పుడల్లా ఆ రేవు అడుగు కొంత పైకి లేస్తుంది. 1707లో ఎంత లేచిందో అప్పటి రేవు అధికారులు లోతు కొలిచి రాసిపెట్టారు. ఎక్కువ లేస్తే తర్వాతిది ఆలస్యంగా, తక్కువ లేస్తే త్వరగా వస్తుందన్న ఊహ మీద ఆ శాతం నిలబడింది. మూడు వందల ఏళ్లనాటి కొలతలో తప్పులు ఉండవచ్చని, దేశంలో మరెక్కడా ఈ పద్ధతి వాడటం లేదని భూకంప శాస్త్రవేత్తలు కొందరు ముందునుంచీ అభ్యంతరం చెబుతూనే ఉన్నారు. రెండు అంకెలూ బయటపెట్టడం ఆలస్యంగానైనా జరిగిన మంచి పని అని నేననుకుంటాను. తెలియనిదాన్ని తెలియదని చెప్పడం ప్రజల్ని గందరగోళపెట్టడం కాదు. వాళ్లను పెద్దమనుషులుగా చూడటం.

అంకెల వల్ల మరో అనర్థం కూడా ఉంది. ఈ అంచనాలతో గీసిన పటంలో పసిఫిక్ తీరం ఎర్రగా కనిపించేసరికి మిగతా చోట్ల వాళ్లు తమకు భయం లేదనుకున్నారు. 2016లో కుమామోతోను కుదిపేసిన ఫుతగావా భ్రంశానికి, అంటే నేలలోని ఆ చీలికకు, అంతకుముందు ఇచ్చిన ముప్పై ఏళ్ల అంచనా సున్నాకు దగ్గర నుంచి 0.9 శాతం. ఒక్కో భ్రంశం వేల ఏళ్లకొకసారి కదిలితే ముప్పై ఏళ్ల లెక్కలో అంత చిన్న సంఖ్యే వస్తుంది. కానీ అలాంటి భ్రంశాలు దేశం నిండా ఉన్నాయి.

తేదీ కనుక్కోగలమన్న నమ్మకానికి కూడా ఒక చరిత్ర ఉంది. 1976లో కత్సుహికో ఇషిబషి అనే యువ శాస్త్రవేత్త, సురుగా అఖాతం కింద తోకై భూకంపం ఎప్పుడైనా రావచ్చని హెచ్చరించాడు. దేశం ఉలిక్కిపడింది. అంతకు ముందు ఏడాదే చైనాలో హైచెంగ్ భూకంపాన్ని ముందే పసిగట్టి జనాన్ని ఖాళీ చేయించారన్న వార్త ఆశలు పెంచింది. అదే చైనాలో 1976 జూలైలో తాంగ్‌షాన్ ఏ హెచ్చరికా లేకుండా కూలి, అధికారిక లెక్క ప్రకారమే 2 లక్షల 42 వేల మంది చనిపోయారు. అయినా ఆశ చావలేదు. 1978లో జపాన్ ప్రత్యేక చట్టం చేసింది. తోకై ప్రాంతమంతా సూక్ష్మమైన పరికరాలు అమర్చి, నేలలో అసాధారణ కదలిక కనిపించగానే ప్రధాని హెచ్చరిక ప్రకటించాలని, రైళ్లు ఆగాలని, బడులు మూయాలని ఏర్పాటు చేసుకుంది. తోకై భూకంపం ఈనాటికీ రాలేదు. వచ్చింది 1995లో, కోబె నగరం కింద. అక్కడ ఎవరూ ఎదురుచూడలేదు. అమెరికాలో పార్క్‌ఫీల్డ్ కథా ఇంచుమించు ఇంతే. 1993 లోపు వస్తుందని పరికరాలు పెట్టుకుని కూర్చుంటే 2004లో వచ్చింది, అదీ నమ్మదగిన ముందస్తు సూచన ఏదీ ఇవ్వకుండా. 2017లో జపాన్ ప్రభుత్వం, కచ్చితంగా జోస్యం చెప్పడం ఇప్పటి శాస్త్రానికి సాధ్యం కాదని ఒప్పుకుని విధానం మార్చుకుంది. 2024 ఆగస్టులో వచ్చిన తటపటాయింపు హెచ్చరిక ఆ మార్పు ఫలితమే.

శాస్త్రం తేదీ చెప్పలేనప్పుడు ఆ ఖాళీని పుకారు నింపుతుంది. 2025 జూలైలో జపాన్‌కు మహావిపత్తు అని ఒక మాంగా (బొమ్మల కథల) పుస్తకంలో రాసిన కలను జనం పట్టుకున్నారు. అదే సమయానికి, జూన్ 21 నుంచి, దక్షిణాన తోకరా దీవుల దగ్గర వరసగా కుదుపులు మొదలయ్యాయి. కొన్ని వారాల్లో రెండు వేలు దాటాయి. అకుసెకి అనే చిన్న దీవి నుంచి కొందరిని పడవల్లో తరలించారు. హాంకాంగ్ నుంచి జపాన్‌కు ప్రయాణికులు తగ్గారు, విమానాలు తగ్గించారు. తేదీ, చోటు, పరిమాణం చెప్పే జోస్యమేదైనా బూటకమని వాతావరణ సంస్థ అధిపతి స్వయంగా చెప్పవలసి వచ్చింది. నిద్ర లేక అలసిపోయిన ఆ దీవివాసుల బాధ నిజం. ఆ బాధ చుట్టూ అల్లిన తేదీ అబద్ధం. 1923లో టోక్యో కాలిపోతున్నప్పుడు పుట్టిన పుకారు ఇంతకంటే ఎంతో ఘోరమైంది. కొరియన్లు బావుల్లో విషం కలుపుతున్నారని ప్రచారమై, వేల మంది అమాయకుల్ని వీధుల్లో చంపేశారు. భూకంపానికి సిద్ధపడటమంటే పుకారుకు కూడా సిద్ధపడటమే.

ఇక పిల్లర్ల సంగతి. 1923 సెప్టెంబరు 1 మధ్యాహ్నం 11:58కి, ఇళ్లలో పొయ్యిలు మండుతున్న వేళ, గ్రేట్ కాంతో భూకంపం వచ్చింది. సుమారు లక్షా 5 వేల మంది చనిపోయారు, ఎక్కువమంది మంటల్లోనే. మరుసటి ఏడాదే జపాన్ భవనాల చట్టంలో ఒక సూత్రం చేరింది: భవనం తన బరువులో పదో వంతు బలం పక్కనుంచి తోసినా తట్టుకోవాలి. తోషికతా సానో అనే ఇంజినీరు అంతకు కొన్నేళ్ల ముందే ప్రతిపాదించిన లెక్క అది. ప్రపంచంలోని తొలి భూకంప నిబంధనల్లో అదొకటి.

అక్కడినుంచి ప్రతి మార్పు వెనుకా ఒక శవాల వరస ఉంది. 1968 తోకాచి భూకంపంలో కాంక్రీటు పిల్లర్లు అడ్డంగా తెగిపోయాయి. లోపల నిలువు ఊచలను చుట్టే రింగులు దూరదూరంగా ఉండటమే కారణమని తేలి, 1971లో వాటిని దగ్గరగా వేయాలని నియమం వచ్చింది. 1978 మియాగి భూకంపంలో 28 మంది చనిపోతే, వారిలో సగానికి పైగా కాంపౌండ్ గోడలూ గేటు స్తంభాలూ మీదపడి పోయినవాళ్లే. ఆ తర్వాత 1981 జూన్ 1న వచ్చిన కొత్త ప్రమాణం ఈ కథలో అసలు మలుపు. మామూలు భూకంపానికి భవనం చెడకూడదు, అరుదైన మహాభూకంపానికి చెడినా సరే, కూలి మనిషిని చంపకూడదు. ఇల్లు నిలుస్తుందని ఆ చట్టం మాట ఇవ్వలేదు. ఇంట్లోవాళ్లు బయటికి నడిచి వస్తారని ఇచ్చింది.

ఆ మాట ఎంత నిలబడిందో 1995 జనవరి 17 తెల్లవారుజామున 5:46కి కోబెలో తేలింది. 6,434 మంది చనిపోయారు. చాలామంది నిద్రలోనే, బరువైన పెంకుల కప్పు కింద నలిగి, నిమిషాల్లో ప్రాణం విడిచారు. కూలినవాటిలో ఎక్కువ భాగం 1981కి ముందువే. శిథిలాల కింద నుంచి బతికి బయటపడ్డవాళ్లలో అత్యధికుల్ని తీసింది ఫైరింజన్లు కాదు, ఇరుగుపొరుగు. కోబె అనుభవంతో 2000లో చెక్క ఇళ్ల నిబంధనలు ఇంకా బిగించారు. 2016లో కుమామోతో దగ్గరి మషికి పట్టణం 28 గంటల తేడాతో రెండుసార్లు అత్యధిక తీవ్రతను చవిచూసింది. అక్కడ చెక్క ఇళ్లను లెక్కిస్తే 1981కి ముందు కట్టినవి 28 శాతం కూలాయి. 2000 తర్వాత కట్టినవి 2 శాతం. అదే వీధి, అదే రాత్రి. ఇంతకంటే స్పష్టమైన రుజువు ఏ శాస్త్రంలోనైనా అరుదు.

రుజువు ఉన్నంత మాత్రాన పని జరగదు. 2018 జూన్‌లో ఒసాకా భూకంపంలో, తకత్సుకి పట్టణంలో, బడికి వెళ్తున్న తొమ్మిదేళ్ల పాప మీద ఆ బడి ఈతకొలను గోడే పడింది. కాంక్రీటు దిమ్మెల గోడలు చంపుతాయని దేశానికి తెలిసి అప్పటికి నలభై ఏళ్లు.

హెచ్చరిక యంత్రాల విషయంలో జపాన్ సాధించింది చిన్నది కాదు. 2007 అక్టోబరు నుంచి ఫోన్లలో, టీవీల్లో భూకంప సైరన్ అందరికీ వస్తోంది. అది జోస్యం కాదు. మెరుపు ముందు కనిపించి ఉరుము వెనక వినిపించినట్టు, భూకంపంలో కూడా బలహీనమైన తరంగం ముందు పరిగెడుతుంది, ఇల్లు కూల్చే తరంగం వెనక వస్తుంది. మొదటిదాన్ని పట్టుకుని రెండోది వచ్చేలోపు చెప్పేస్తారు. దొరికేది కొన్ని సెకన్లు, దూరాన్ని బట్టి పదుల సెకన్లు. భూకంప కేంద్రం సరిగ్గా కాళ్ల కిందే ఉంటే ఏమీ దొరకదు. ఆ సెకన్లలో స్టవ్ కట్టేయొచ్చు, బల్ల కిందికి దూరొచ్చు, లిఫ్ట్ దగ్గరి అంతస్తులో ఆగొచ్చు. 2011 మార్చి 11న తోహోకులో మహాభూకంపం వచ్చినప్పుడు పరుగెడుతున్న బుల్లెట్ రైళ్లలో ప్రయాణికులున్నది ఒక్కటీ పట్టాలు తప్పలేదు. టోక్యోలో నిషికసాయ్ ప్రాంతంలో మన ఐటీ కుటుంబాలు చాలా ఉన్నాయి. కొత్తగా వెళ్లినవాళ్లకు ఆ సైరనే మొదటి పాఠం. అయితే ఆ చుట్టుపక్కలది ఎక్కువగా మెత్తటి పల్లపు నేల. దగ్గర్లోని ఉరయాసు 2011లో భూకంప కేంద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉండి కూడా, సముద్రాన్ని పూడ్చి కట్టిన ఊరు కావడంతో నేల బురదలా మారి, ఇళ్లు ఒరిగి, పైపులు పైకి తేలాయి. అద్దె ఇల్లు చూసుకునేటప్పుడు స్టేషన్ ఎంత దూరమో అడిగినట్టే అది ఏ ఏడాది కట్టిందో, ఏ నేల మీద కట్టిందో అడగడం అక్కడ అతిజాగ్రత్త కాదు.

కానీ ఏ యంత్రమూ మనిషి నిర్ణయాన్ని తప్పించలేదని 2011 నేర్పింది. 9.0 భూకంపం వచ్చిన మూడు నిమిషాలకే సునామీ హెచ్చరిక వెలువడింది. అయితే తొలి అంచనా ఇవాతె తీరానికి 3 మీటర్లు, మియాగికి 6 మీటర్లు. అంత ఎత్తు గోడ మాకుంది కదా అనుకున్నవాళ్లు ఆగిపోయారు. అంతకు రెండు రోజుల ముందు, మార్చి 9న, 7.3 భూకంపానికి చిన్న అలే వచ్చింది. ముందు ఏడాది చిలీ భూకంపానికి ఇచ్చిన పెద్ద హెచ్చరికకూ చిన్న అలే వచ్చింది. తరచూ భూకంపాలు వచ్చే చోట అసలు ప్రమాదం ఇదే: పదిసార్లు ఏమీ కాకపోవడం పదకొండోసారికి ధైర్యంగా మారుతుంది. ఈ పాఠంతో 2013 నుంచి వాతావరణ సంస్థ, 8 దాటే భూకంపాలకు మొదట అలల ఎత్తు మీటర్లలో చెప్పడం మానేసింది. మహా సునామీ అని మాత్రమే చెబుతుంది. 2024 జనవరి 1న నోతో ద్వీపకల్పంలో భూకంపం వచ్చినప్పుడు జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కేలో వార్తలు చదివే ఆమె, పండగ పూట, గొంతు చించుకుని ఇప్పుడే పారిపొమ్మని అరిచింది. ఆ అరుపు శిక్షణలో భాగం. 2011లో నెమ్మదిగా, మర్యాదగా చదివిన హెచ్చరికలు జనాన్ని కదిలించలేకపోయాయని ఆ సంస్థ తనను తాను మార్చుకుంది.

2011లో రెండు ఊళ్ల పిల్లల గురించి చెప్పకుండా ఈ సమీక్ష ముందుకు సాగదు. ఇషినోమకి పట్టణంలోని ఒకావా ప్రాథమిక పాఠశాల సముద్రానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, నది ఒడ్డున ఉంది. ప్రమాద పటంలో అది మునిగే ప్రాంతం కాదు. వెనుకే కొండ ఉంది. కానీ పెద్దలు ఎటు వెళ్లాలో తేల్చుకోలేక పిల్లల్ని దాదాపు యాభై నిమిషాలు ఆవరణలో నిలబెట్టారు. 108 మంది పిల్లల్లో 74 మంది పోయారు, పది మంది ఉపాధ్యాయులు పోయారు. తల్లిదండ్రులు ఏళ్ల తరబడి పోరాడారు. 2018లో హైకోర్టు, ఆ క్షణంలో తడబడినందుకు కాదు, ముందే సరైన ప్రణాళిక వేయనందుకు స్థానిక ప్రభుత్వాలను బాధ్యుల్ని చేసింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. పటం మీద గీత ఉంది కదా అని సరిపెట్టుకోవడం ఇక చెల్లదని ఆ తీర్పు అర్థం.

ఇవాతె తీరంలోని కమైషిలో తోషితక కతాదా అనే ప్రొఫెసర్ అంతకు ఏళ్ల ముందునుంచి బడిపిల్లలకు నేర్పింది సరిగ్గా ఇదే: పటాన్ని నమ్మొద్దు, చేతనైనంత చెయ్యి, అందరికంటే ముందు నువ్వు పరుగెత్తు. ఆ రోజు కమైషిలోని ఉనోసుమైలో జూనియర్ హైస్కూలు పిల్లలు ఎవరూ చెప్పకముందే పరుగందుకున్నారు. వాళ్లను చూసి, మూడో అంతస్తుకు చేరుకున్న పక్క ప్రాథమిక పాఠశాల చిన్నపిల్లలూ కిందికి దిగి వెంట పరుగెత్తారు. ముందు అనుకున్న చోటు సురక్షితం కాదనిపించి ఇంకా పైకి, మళ్లీ పైకి వెళ్లారు. రెండు బడులూ మునిగాయి. బడిలో ఉన్న పిల్లలంతా బతికారు. అదే ఉనోసుమైలో, సముద్రానికి దగ్గర్లోని విపత్తు నివారణ కేంద్రానికి పెద్దలు చేరారు. అది సునామీకి నిర్దేశించిన ఆశ్రయం కాదు. కొండెక్కడం ముసలివాళ్లకు కష్టమని, ఎక్కువమంది వస్తారని, అంతకుముందు తరలింపు సాధనలు అక్కడ జరిపారు. అలవాటైన చోటికే జనం వెళ్లారు. సుమారు 160 మంది అక్కడ చనిపోయారు. సాధన మనుషుల్ని కాపాడుతుందని మనం తేలిగ్గా అనేస్తాం. తప్పుగా చేసిన సాధన చంపుతుంది.

నాన్‌కై తీరంలోని కురోషియో అనే చిన్న పట్టణానికి 2012లో పిడుగులాంటి వార్త వచ్చింది: 34 మీటర్ల అల రావచ్చు, దేశంలోకెల్లా ఎత్తైనది. ఇక పరుగెత్తి ఏం లాభం, ఇంట్లోనే పోదాం అని వృద్ధులు అనడం మొదలుపెట్టారు. పట్టణ ప్రభుత్వం ఆ మాటనే మొదటి శత్రువుగా తీసుకుంది. ఇంటింటికీ తిరిగి ఎవరు నడవగలరు, ఎవరికి తోడు కావాలి, ఏ దారిన ఎన్ని నిమిషాలని రాసుకున్నారు. టవర్లు కట్టారు, కొండదారులు వేశారు. విపత్తు సమయంలో తినే డబ్బా ఆహారం తయారుచేసే కర్మాగారం పెట్టి ఊళ్లో ఉపాధి కల్పించారు. ఈ ఆలోచన వెనుక పాత దారి ఉంది. 1854 సునామీ రాత్రి వకయామాలోని హిరోగావాలో హమగుచి గోర్యో అనే సోయా సాస్ వ్యాపారి వరికుప్పలకు నిప్పంటించి, ఆ వెలుగులో చీకట్లో చిక్కుకున్నవారిని గుట్ట మీదికి చేర్చాడు. ఈ కథ ప్రసిద్ధం. ఐక్యరాజ్య సమితి నవంబరు 5ను సునామీ అవగాహన దినంగా పెట్టింది దీనివల్లే. నాకు మాత్రం ఆయన ఆ తర్వాత చేసిందే పెద్దదనిపిస్తుంది. సర్వం పోగొట్టుకున్న ఊరివాళ్లు వలసపోకుండా సొంత డబ్బుతో కూలి ఇచ్చి, దాదాపు నాలుగేళ్లలో 600 మీటర్ల కట్ట కట్టించాడు. 1946లో సునామీ వచ్చినప్పుడు ఊరిలో చాలా భాగాన్ని ఆ కట్టే కాపాడింది.

ఇంత చేసిన దేశంలో 2024లో నోతో ఎందుకు అంతగా దెబ్బతింది? 2020 చివరినుంచి ఆ ద్వీపకల్పం కొస వరసగా కుదుపులకు లోనవుతూనే ఉంది. 2023 మేలో 6.5 భూకంపం సుజు పట్టణంలో ఇళ్లను బలహీనపరిచింది. 2024 జనవరి 1న 7.6 వచ్చి వాటిని నేలమట్టం చేసింది. వాజిమాలో అగ్గి పుట్టి, పేరున్న ఉదయపు సంత వీధి కాలిపోయింది. రోడ్లు తెగి రోజుల తరబడి సాయం అందలేదు. ఆ రాష్ట్రం అప్పటికి వాడుతున్న భూకంప నష్టాల అంచనా 1997 నాటిది. నోతో ఉత్తర తీరంలో భూకంపం వస్తే ఏడుగురు చనిపోతారని అందులో ఉంది. సుజులో సగం మంది అరవై అయిదు దాటినవాళ్లు. భూకంపాన్ని తట్టుకోగల ఇళ్లు అక్కడ సగమే. ఇల్లు బలపరచడానికి ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది, అయినా చేతినుంచి కొంత పెట్టాలి. పిల్లలు నగరాలకు వెళ్లిపోయాక, తన తర్వాత ఎవరూ ఉండని ఇంటికి ఎనభై ఏళ్ల ముసలమ్మ లక్షల యెన్‌లు ఎందుకు ఖర్చుపెడుతుంది? ఈ ప్రశ్నకు జపాన్ దగ్గర ఇంకా జవాబు లేదు. ఇల్లంతా కాకపోయినా పడుకునే ఒక్క గదినైనా బలపరచడం, బీరువాను గోడకు బిగించడం వంటి చవక మార్గాలున్నాయి. వాటిని ఇంటింటికీ చేర్చేది చివరికి మనిషే.

చావు భూకంపంతో ఆగదని కూడా నోతో చూపించింది. చలిలో, జిమ్ హాళ్ల నేల మీద, మందులు, మరుగుదొడ్లు లేక తర్వాత పోయినవాళ్ల సంఖ్య గోడల కింద పోయినవాళ్లను మించింది. కుమామోతోలోనూ నేరుగా పోయినవారు 50 మంది, ఆ తర్వాతి నెలల్లో పోయినవారు రెండు వందలకు పైనే. కోబె నాటినుంచి తెలిసిన విషయమే. పిల్లర్ల మీద పెట్టిన శ్రద్ధ మంచాల మీద, మరుగుదొడ్ల మీద ఆ దేశం పెట్టలేదు.

నిబంధన కంటే అమలు ముఖ్యమని చెప్పడానికి మరో రెండు దేశాల సంగతి చాలు. తుర్కియేలో కాగితం మీద మంచి నిబంధనలే ఉన్నాయి. కానీ అక్రమ కట్టడాలకు డబ్బు కట్టించుకుని క్షమాభిక్ష పెట్టడం అక్కడ ఆనవాయితీ, ఆఖరిది 2018లో. 2023 ఫిబ్రవరి 6న వచ్చిన భూకంపాల్లో ఆ దేశంలో 53 వేల మందికి పైగా చనిపోయారు. ఇప్పుడు ఇస్తాంబుల్ పక్కన మర్మరా సముద్రం కింద తెగకుండా మిగిలిన భ్రంశం ఉంది. చిలీలో 2010లో వచ్చింది అంతకంటే ఎన్నో రెట్లు శక్తిగల 8.8. చనిపోయింది అయిదు వందల పైచిలుకు, వారిలోనూ కొంతమంది సునామీకి. అక్కడ భవనం కూలితే కట్టిన తర్వాత పదేళ్లదాకా కట్టినవాడిదే బాధ్యతని చట్టం ఉంది. జపాన్ అంత డబ్బు లేని దేశం అది.

మన దగ్గరి విషయం. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ 2007 నుంచి సునామీ హెచ్చరికలు ఇస్తోంది. హిందూ మహాసముద్ర దేశాలకు ఆ సేవ అందించే మూడు కేంద్రాల్లో అదొకటి. 2020లో ఆ సముద్ర ప్రాంతంలోనే తొలిసారిగా సునామీకి సిద్ధమైన ఊళ్లని యునెస్కో గుర్తింపు పొందిన రెండూ ఒడిశావి, వెంకట్రాయిపూర్, నోలియాసాహి. నోలియాలని అక్కడ పిలిచేది తెలుగు మత్స్యకారులనే. తీరం వైపు మనకు ఒక దారి దొరికింది.

నేల వైపు దొరకలేదు. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం, 2024 డిసెంబరు 4 ఉదయం 7:27కి ములుగు - మూడూ 5 దాటిన భూకంపాలే. మనది జపాన్ కాదు, హిమాలయమూ కాదు. కానీ 2001 జనవరి 26న భుజ్‌లో భూకంపం వస్తే రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలోని అహ్మదాబాద్‌లో పదుల సంఖ్యలో అపార్ట్‌మెంట్లు కూలి, ఏడు వందల మందికి పైగా చనిపోయారు. దేశ భూకంప పటంలో అప్పటికి అహ్మదాబాద్ ఉన్నది మూడో జోన్‌లో. విజయవాడ, ఒంగోలు, భద్రాచలం కూడా అదే జోన్‌లో ఉంటూ వచ్చాయి. అహ్మదాబాద్‌లో కూలినవాటిలో చాలా వరకు కింద స్టిల్ట్ పార్కింగ్ వదిలి, పై అంతస్తుల్లో గోడలు నింపినవే. పైన బిగుతుగా, కింద గోడల్లేకుండా ఉంటే నేల ఊగినప్పుడు భారమంతా కింది పిల్లర్ల మీదే పడుతుంది. మన ఊళ్లలో వీధి వీధినా ఇప్పుడు కడుతున్నది అదే నమూనా. ఆ పిల్లర్లలో రింగులు, ముఖ్యంగా అడుగునా శ్లాబు కిందా, దగ్గరగా వేయాలని, వాటి కొసలు తిన్నగా వదలకుండా లోపలికి బాగా వంచాలని భారత ప్రమాణాల్లో ముప్పై ఏళ్లుగా రాసి ఉంది. జపాన్ 1971లో చట్టం చేసింది కూడా ఇలాంటి రింగుల గురించే. దానికయ్యే అదనపు స్టీలు ఖర్చు ఫ్లాటు ధరలో లెక్కలోకి రానంత. ప్లాను ఆమోదించేటప్పుడు పురపాలక ఇంజినీరు చూడాలి, కొనేవాళ్లు అడగాలి, మేస్త్రికి ఎందుకో విడమరచి చెప్పాలి. కాంక్రీటు పోశాక రింగులు ఎవరికీ కనపడవు గనుక, పిల్లర్లకు చెక్కలు బిగించకముందే వెళ్లి చూడాలి.